ఏమైనా అడగాలా, రోండా?

మా ఆయన గుండెలో కవాటం ఒకటి బిగుసుకుపోయిందని డాక్టరు చెప్పిన వారానికే ఆయన కోచ్‌గా ఉన్న మా కాలేజీ బేస్‌బాల్ జట్టు గెలవడం మొదలుపెట్టింది. రెంటిలో ఏదో ఒక్కటే జరిగి ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. రెండూ కలిసి రావడంతో ఆ వసంతమంతా మా ఇంట్లో నోరు విప్పే వీల్లేకుండా పోయింది.

డాక్టరు చిన్న వయసు మనిషి. మాట నాన్చే రకం కాదు.

"రక్తం బయటికి పోయే దారి బాగా సన్నబడిపోయింది మిస్టర్ వోబొరిల్. ఛాతీ తెరిచి కవాటం మార్చాలి. వచ్చే నెలలోనే పెట్టేసుకుందాం," అంది.

లెన్ ఆమె వెనక గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. "మే ఆఖరుకి సీజన్ అయిపోతుంది. అప్పుడు చూద్దాం."

"మే దాకా ఆగే జబ్బు కాదండీ ఇది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఒకసారి కళ్ళు తిరిగి పడ్డారు కూడా. ఇలాంటప్పుడు ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు."

"సరే, అర్థమైంది," అని లెన్ టోపీ తీసుకుని లేచాడు. జట్టులో ఎవరికైనా చీలమండ బెణికిందని చెప్పినా ఇదే గొంతుతో అంటాడు.

బయట మంచు కరిగి కార్ల మధ్యంతా బురదగా ఉంది. కారు తలుపు దగ్గర ఆగి, నా మొహంలోకి చూడకుండా, "ఈ మాట ఇక ఎత్తొద్దు రోండా. నాతో వద్దు. టెస్‌తో వద్దు. బడ్‌తో అసలే వద్దు," అన్నాడు.

టెస్ మా అమ్మాయి, డిమోయిన్ నగరంలో ఉద్యోగం. బడ్ హానెగన్ లెన్‌కి కాలేజీ నాటి స్నేహితుడు. లెన్ బంతి విసిరే రోజుల్లో, బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని ఆ బంతులన్నీ పట్టుకున్నది అతనే. ఇప్పుడు ఊళ్ళో విత్తనాల వ్యాపారం చేస్తాడు.

"ఎత్తకపోతే తగ్గిపోతుందా?" అన్నాను.

"ఎత్తితే తగ్గుతుందా?" అని కారెక్కాడు.

బేస్‌బాల్ ఇంట్లో కాపురం చెయ్యనివాళ్ళకి ఈ సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. బంతి విసిరేవాడు ఆ రోజు మంచి ఊపు మీదుండి, ఆట సగం దాటినా అవతలి జట్టులో ఒక్కడి చేత కూడా సరైన దెబ్బ కొట్టించుకోలేదనుకోండి. ఆట ముగిసేదాకా అలాగే నిలబెడితే దాన్ని నో-హిట్టర్ అంటారు. బతుకులో ఒక్కసారి దక్కితే గొప్ప. అయితే అది పూర్తయ్యేదాకా ఆ మాట ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, దిష్టి కొట్టి పోతుంది. అందుకని వాడి పక్కన ఎవరూ కూర్చోరు. వాడితో ఎవరూ మాట్లాడరు. బెంచీ మీద ఎక్కడున్నవాడు అక్కడే బిగుసుకుని ఉంటాడు. చదువుకున్నవాళ్ళు, పళ్ళ డాక్టర్లు, జడ్జీలు అయినవాళ్ళు కూడా ఈ విషయంలో చిన్నపిల్లలకంటే అధ్వాన్నం.

నాకిదంతా తెలియని రోజుల్లో, ప్రెంటిస్ కాలేజీలో చేరిన తొలి ఏడాది, ఆటగాళ్ళకి నిమ్మరసం అందించే పని ఒప్పుకున్నాను. ఆ రోజు లెన్ బెంచీ చివర ఒంటరిగా కూర్చున్నాడు. పాపం ఎవరూ పలకరించడం లేదే అని గ్లాసు చేతికిచ్చి, "ఇంతసేపైనా వాళ్ళు ఒక్క హిట్టూ కొట్టలేదేంటి? ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగాను. నా గొంతు సంగతి మా ఊరంతటికీ తెలుసు. బడ్ నోట్లో ఉన్న పొద్దుతిరుగుడు గింజలు తొక్కలతో సహా మింగేశాడు. లెన్ వెళ్ళి విసిరిన తర్వాతి బంతినే అవతలివాడు ఎడమవైపు గడ్డిలోకి కొట్టాడు. అంతే, ఆ రోజు నుంచి నా పేరు లౌడ్‌స్పీకరు. ఆ పేరుతోనే లెన్ నన్ను చేసుకున్నాడు.

ఏటా మే నెలలో పాత ఆటగాళ్ళ విందు జరుగుతుంది. భోజనాలు, బహుమతులు అయ్యాక ఆ పూటకి మైకు పట్టినవాడు నా వైపు తిరిగి, "ఏమైనా అడగాలా, రోండా?" అంటాడు. నేను లేచి నిలబడి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపాలి. హాలంతా చెంచాలతో బల్లలు బాదుతుంది. పెళ్ళయిన ఏడాది మొదలైన వేళాకోళం ఇది, పిల్ల పుట్టి, పెరిగి, ఇల్లు విడిచి వెళ్ళినా ఆగలేదు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది.

అలాంటి నన్ను పట్టుకుని లెన్ మాట ఎత్తొద్దన్నాడు. ఎత్తలేదు.

మార్చిలో జట్టు గెలిచింది. మళ్ళీ గెలిచింది. మా కాలేజీ జట్టు అంత వరసగా గెలవడం లెన్ కోచ్ అయ్యాక ఎన్నడూ లేదు. గెలుస్తున్నప్పుడు ఏదీ మార్చకూడదు కాబట్టి లెన్ ఒకే చొక్కా తొడుక్కున్నాడు, దాన్ని ఉతకనివ్వలేదు. పొద్దున గుడ్లు ఎటువైపు వేయించానో అటువైపే వేయించాలి. ఒకరోజు ఉప్పు డబ్బా కాస్త జరిపితే, ఒక్క మాటా అనకుండా లేచి దాన్ని మళ్ళీ ఉన్నచోటే పెట్టి కూర్చున్నాడు. బల్లకి ఆ చివర అతను, ఈ చివర నేను. మధ్యలో ఉప్పు డబ్బా.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేది. తేదీ ఖాయం చెయ్యమంటారా అని ఒక నర్సు మెత్తగా అడిగేది. నేను లెన్ వైపు చూసేదాన్ని. అతను రొట్టెకి వెన్న రాసుకుంటూ తల ఊపేవాడు, వద్దని.

"ఇప్పుడే కాదట," అనేదాన్ని.

"ఆయనకి నేరుగా చెప్పమంటారా మేడమ్?"

"వద్దమ్మా."

ఫోన్ పెట్టేశాక కూడా ఎవరు చేశారని అతను అడిగేవాడు కాదు. వాతావరణం గురించి అనేవాడు. ఎండ కాస్తే మైదానం ఆరుతుందనేవాడు. నేను గిన్నెలు కడుగుతూ, పై గదిలో అతని అడుగులు వినబడుతున్నాయా లేదా అని చెవులు రిక్కించి ఉండేదాన్ని. అడుగులు ఆగితే నా చేతులూ ఆగేవి. మళ్ళీ వినబడితే మళ్ళీ కడిగేదాన్ని. మనిషి బతికున్నాడో లేదో చెవులతో కాపలా కాయడమంత అలుపు మరొకటి లేదు. ఏ పనీ చెయ్యకపోయినా సాయంత్రానికి నా కాళ్ళు లాగేసేవి.

ఈస్టర్‌కి టెస్ వచ్చింది. భోజనానికి కుర్చీ ఒకటి తక్కువైతే లెన్ కింది గదిలోంచి తెస్తానని వెళ్ళాడు. టెస్ అతని వెంట వెళ్ళి, ముందుగా తిరిగొచ్చి, వంటింటి తలుపు మూసింది.

"అమ్మా, నాన్నకి ఏమైంది?"

"ఏమవుతుంది?"

"మెట్ల మధ్యలో ఆగిపోయాడు. నన్ను చూసి, లేసు కట్టుకుంటున్నా అన్నాడు."

"అయితే ఏం?"

"ఆయన వేసుకున్నవి లేసుల్లేని బూట్లమ్మా."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పొయ్యిలోంచి హ్యామ్ మాంసం తీసే నెపంతో అటు తిరిగాను.

"సీజన్ కదా, అలిసిపోతున్నాడు."

"నువ్వూ అలాగే ఉన్నావ్. అద్దంలో చూసుకున్నావా అసలు? మీరిద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు."

"దాచడానికేముంది. పద, చల్లారిపోతుంది."

టెస్ నా వీపు వైపు చూస్తూ కాసేపు నిలబడింది. చిన్నప్పుడు దానికి అబద్ధం చెప్పొద్దని నేనే చెంప మీద ఒకటి వేశాను ఒకసారి. ఆ పూట భోజనం దగ్గర అది తండ్రితో ఆట గురించే మాట్లాడింది, వెళ్ళేటప్పుడు నాకు మటుకు ముద్దు పెట్టలేదు. ఆ కోపం న్యాయమైనదే, అందుకే ఎక్కువ నొప్పెట్టింది.

ఏప్రిల్‌లో మా దగ్గర గాలి ఎముకల్లోకి దూరుతుంది. దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, నేనూ బడ్ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాం. మా కుర్రాడొకడు అలిసిపోయి బంతులు పక్కకి విసురుతున్నాడు. వాణ్ని మార్చడానికి లెన్ మైదానం మధ్యకి నడిచి వెళ్ళాడు. వెళ్ళడం బాగానే వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు గీత దాటాక ఆగి, బెంచీ ముందున్న కంచె పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. అంపైరు ఏదో అడిగాడు. లెన్ చెయ్యి ఊపాడు. ఫ్లాస్కు మూత నా చేతిలోంచి జారి మెట్ల కింద పడింది.

"లెన్ నడక తగ్గింది," అన్నాడు బడ్, ఆట వైపే చూస్తూ.

నేను దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నాను.

"మోకాలా?"

పలకలేదు.

"మోకాలు కాదన్నమాట." గింజల తొక్కలు ఉమ్మేశాడు. "చెప్పకులే. నేనూ అడగను. ఇలా వరసగా గెలుస్తున్నప్పుడు కెలక్కూడదు. అయ్యాక చూసుకుందాం."

"అయ్యాక," అన్నాను.

"ఏం, అయ్యాక కుదరదా?"

అప్పుడు చెప్పేసి ఉండాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బడ్ అప్పటికే అరచెయ్యి పైకెత్తి నన్ను ఆపేశాడు, అడిగిందే తప్పయినట్టు చెంప మీద వేసుకుని, నా గుప్పిట్లో ఇన్ని గింజలు పోశాడు. ఆ కుర్రాళ్ళు ఆ రోజూ గెలిచారు. నాకు వాళ్ళ మీద కసి పుట్టింది. ఒక్కసారి ఓడిపోండిరా బాబూ, మా ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళనివ్వండి అని మనసులో అనుకున్నాను. కోచ్ పెళ్ళాం అనుకోవాల్సిన మాటేనా అది?

విందు నాటికి ఊరు ఊరంతా మా జట్టు మాటే. కిరాణా కొట్లో, చర్చిలో, మంగలి దగ్గర, ఎక్కడ చూసినా అదే. పెద్ద పోటీకి మేము వెళ్ళడం ఖాయమన్నారు. పాత ఆటగాళ్ళు ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. కాలేజీ భోజనశాలలో కుర్చీలు చాలక తరగతి గదుల్లోంచి తెచ్చారు. ఎప్పటిలా కోడిమాంసం ముక్క ఎండిపోయింది, చిక్కుళ్ళు మెత్తబడిపోయాయి. బడ్ వాళ్ళ ఆవిడ చేసిన కొలాచీ బన్నులు మాత్రమే తినేలా ఉన్నాయి, మధ్యలో ఆల్‌బుఖరా పండు గుజ్జు పెట్టి. ఒళ్ళు పెరిగి, జుట్టు ఊడిపోయిన మగవాళ్ళంతా కాలేజీ రంగు టోపీలు పెట్టుకుని ఒకరి పొట్ట మీద ఒకరు చరుచుకుంటున్నారు.

లెన్ వేదిక మీద పెద్ద బల్ల దగ్గర. నేను కింద మొదటి వరసలో. అతని ముందున్న పళ్ళెం కదలలేదని నాకు కనబడుతూనే ఉంది.

మైకు కర్ట్ డ్రేయర్ చేతిలో ఉంది. లెన్ దగ్గర ఆడినవాడే, ఇప్పుడు పళ్ళ డాక్టరు. బహుమతులు ఇచ్చారు. ఒకాయన తన బహుమతి పలక పట్టుకుని, తాను పరిగెత్తిన పరుగు గురించి పరుగుకంటే పొడుగ్గా చెప్పాడు. చివర్లో కాలేజీ అధ్యక్షురాలు లేచి, వచ్చే వసంతం నుంచి మన మైదానానికి లెన్ వోబొరిల్ మైదానం అని పేరు పెడుతున్నాం అని చెప్పింది. జనం లేచి నిలబడ్డారు. బడ్ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

లెన్ కుర్చీలోంచి లేచి మైకు దగ్గరికి నాలుగడుగులు వేశాడు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. అందరూ ఉద్వేగం అనుకున్నారు. నాకు అతని పెదవులు కనబడుతున్నాయి, బూడిద రంగు తిరిగి ఉన్నాయి.

"నా పేరు పెడితే," అని ఆగి ఊపిరి తీసుకున్నాడు, "గడ్డి కొయ్యడం కూడా నా పనే అంటారేమో."

నవ్వులు.

"వచ్చే వసంతం మళ్ళీ ఇక్కడే కలుద్దాం. మీరు వచ్చినా రాకపోయినా..." మళ్ళీ ఊపిరి. "నేను మాత్రం ఇక్కడే ఉంటాను."

చప్పట్లు. అతను కూర్చుంటూ, కుర్చీ ఎక్కడుందో తెలియనట్టు చేత్తో వెతుక్కున్నాడు. ఎవరూ చూడలేదు, నేను తప్ప.

"సరే, సరే," అన్నాడు కర్ట్, చేతులూపి హాలుని ఊరుకోబెడుతూ. "ఒక్కటి మిగిలిపోయింది. అది లేకపోతే మనకి తిన్నది అరగదు. లౌడ్‌స్పీకరు గారు ఎక్కడ? అరుగో. రోండా గారూ, మన వాళ్ళు ఎడాపెడా గెలిచేస్తున్నారు, జాగ్రత్తగా ఆలోచించుకుని చెప్పండి మరి. ఏమైనా అడగాలా, రోండా?"

హాలంతా ముందే నవ్వడం మొదలుపెట్టింది. చెంచాలు పైకి లేచాయి. నేను లేచాను. చెయ్యి దానంతటదే నోటిదాకా వచ్చింది, అన్నేళ్ళ అలవాటు మరి. వేళ్ళకి కోడిమాంసం మిరియాల వాసన. ధైర్యం వచ్చిందని చెప్పను, ఓపిక అయిపోయింది. చెయ్యి దించేశాను.

"అడగాలి," అన్నాను.

"ఓహో," అన్నాడు కర్ట్. "ఇన్నాళ్ళకి. అడగండి, అడగండి."

"లెన్, ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటావ్?"

నా గొంతుకి మైకుతో పని లేదు. వెనక వరసలో ఎవరో పకాలున నవ్వి, పక్కవాళ్ళు నవ్వకపోయేసరికి ఆపేశాడు. కర్ట్ నన్నూ లెన్‌నీ మార్చి మార్చి చూశాడు. వేళాకోళమో కాదో తేల్చుకోలేక మైకు కిందికి దించాడు. లెన్ నా వైపు చూడలేదు. బల్ల మీద గుడ్డని వేలితో సవరిస్తూ కూర్చున్నాడు. అతని అటువైపు అధ్యక్షురాలు, ఇటువైపు పాత ఆటగాడైన జడ్జీ గారు, ఇద్దరూ కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు, మాట ఎత్తకూడని మనిషి పక్కన కూర్చున్నట్టు.

నేను కూర్చుండిపోయాను.

అప్పుడు కుర్చీ ఈడుస్తున్న చప్పుడైంది. బడ్ తన కుర్చీని పట్టుకుని, బల్లల మధ్య నుంచి, జనాన్ని తప్పించుకుంటూ వేదిక మీదికి ఎక్కాడు. నో-హిట్టర్ చెడిపోయాక బంతులు పట్టే క్యాచర్ చేసే పని ఒకటుంది. లేచి విసిరేవాడి దగ్గరికి నడిచి వెళ్తాడు. అప్పటిదాకా దూరంగా ఉన్నవాళ్ళందరిలో మొదట మాట్లాడేది వాడే. బడ్ కుర్చీని లెన్‌కి ఆనించి వేసి, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు.

"సరే. హిట్టు పడిపోయిందిగా," అన్నాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది. "ఇక తర్వాతి బంతి సంగతి చూద్దాం. ఏం ఆపరేషను?"

"గుండె," అన్నాడు లెన్.

"ఎప్పుడు చెప్పారు?"

"ఫిబ్రవరిలో."

"నేను ఏప్రిల్లో మోకాలనుకున్నాను," అన్నాడు బడ్. "మోకాలు కాదని తెలిసీ అడగలేదురా నేను."

ఒక్కొక్కరే లేచారు. ఎవరూ నా దగ్గరికి రాలేదు. అందరూ లెన్ చుట్టూ చేరారు. ఒకడికి బావగారు గుండె డాక్టరట. ఒకడు నేనే కారులో తీసుకెళ్తానన్నాడు. ఒకడు ఏడ్చేశాడు. కర్ట్ మాత్రం వచ్చి నా పక్కన నిలబడి, "నాకు తెలియదు రోండా," అన్నాడు. "తెలిస్తే అలా పిలిచేవాణ్ని కాదు."

"పిలిచావు కాబట్టే అడగగలిగాను," అన్నాను.

ఇంటికి నేను కారు నడిపాను. ఎప్పుడూ లెన్ నడుపుతాడు. తాళాలు అడగకుండానే నా చేతికిచ్చాడు. మొక్కజొన్న వేసిన పొలాల పక్క నుంచి పోతున్నాం, ఇంకా వెలుతురు ఉంది.

"అందరి ముందూ," అన్నాడు.

"అవును."

"ఇంట్లో అడగొచ్చుగా."

"ఇంట్లో అడిగితే నువ్వొక్కడివే వింటావు. విని, ఉప్పు డబ్బా సర్దుతావు."

ఇంటికి రాగానే టెస్‌కి ఫోన్ చేసి తనే చెప్పాడు. ఫోన్ నాకిమ్మని టెస్ అంది. "ఈస్టర్‌కి నీకు తెలుసు," అంది నాతో. తెలుసన్నాను. "సరే, వస్తున్నాను," అని పెట్టేసింది.

మర్నాడు జట్టుతో లెన్ మాట్లాడి వచ్చాడు. ఆ వారమే ఆపరేషన్. సహాయ కోచ్ జట్టుని తీసుకుని పోటీకి వెళ్ళాడు. వెళ్ళినంత సేపు పట్టలేదు తిరిగి రావడానికి. రెండు ఆటలూ ఓడిపోయారు. మా లౌడ్‌స్పీకరు మళ్ళీ నోరు తెరిచిందిగా, ఇంకేం గెలుస్తారు అని మంగలి దగ్గర ఎవరో అన్నారట. కిరాణా కొట్లో ఒక కుర్రాడి తల్లి నన్ను చూసి బండి వెనక్కి తిప్పుకుంది. కొడుకుది అదే చివరి ఏడాది. ఆమెని తప్పు పట్టలేదు. కానీ పాల సీసాల దగ్గర నిలబడి ఏడ్చాను, అది మటుకు నిజం.

ఆసుపత్రిలో మేము కూర్చున్న గది నిండా టోపీలే. బడ్, కర్ట్, ఇంకా పేర్లు గుర్తులేనివాళ్ళు. ఒకటే మాటలు. ఎవడు ఎప్పుడు ఎలా జారి పడ్డాడో, ఏ బస్సు ఎక్కడ ఆగిపోయిందో. టెస్ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ గోలలో నాకు నిద్ర పట్టేసింది. ఫిబ్రవరి తర్వాత నేను చెవులు మూసుకుని పడుకున్నది అప్పుడే. లేచేసరికి డాక్టరు ఎదురుగా ఉంది. "బాగా జరిగింది," అంది. "కవాటం చేతిలోకి తీసి చూశాను. వేసవి దాటేది కాదు."

జూన్‌లో లెన్ ఇంటికొచ్చాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. దగ్గు వస్తే ఛాతీకి దిండు హత్తుకునేవాడు. చేతులు పైకి ఎత్తకూడదు, బరువు పట్టకూడదు, కారు నడపకూడదు. మాటలు కూడా అంతంతే. మంచినీళ్ళు, మాత్రలు, కిటికీ వెయ్యి. వచ్చిన ఆటగాళ్ళతో బాగానే నవ్వేవాడు, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఆ మౌనమే. నా మీద కోపం పోలేదనుకున్నాను. ఆ కుర్రాళ్ళ పోటీ పోయింది, అతని చేతుల్లోంచి నేనే లాగేసుకున్నాను. మనిషి దక్కాడు, మాట దక్కకపోయినా సర్దుకోవాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నంత తేలిగ్గా లేదు.

ఒకరోజు పొద్దున వెనక వరండాలో కూర్చోబెట్టి గడ్డం గీస్తున్నాను. గాలి లేదు. పక్కింటాయన గడ్డి కోస్తున్నాడు. ఒక చెంప అయిపోయింది. కత్తి గిన్నెలో ముంచి కడుగుతూ, ఎందుకనిపించిందో, అడిగాను.

"నీకు భయమేసిందా?"

"ఎప్పుడు?"

"మొదటినుంచీ."

లెన్ చెవి దగ్గరున్న నురగ తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఫిబ్రవరి నుంచీ రోజూ," అన్నాడు. "ఆటకి బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నిన్నోసారి చూసుకుని వెళ్ళేవాణ్ని. నువ్వు గిన్నెలు కడుగుతూ ఉండేదానివి."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు అడుగుతావేమో అనుకున్నాను. అడగలేదు."

అడగొద్దన్నది నువ్వే కదా అనడానికి నోరు తెరిచాను. అతని మొహంలో దెప్పిపొడుపేమీ లేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లటి నురగతో, గుమ్మం దగ్గర అన్ని పొద్దులు నిలబడి, నేను తల తిప్పుతానేమోనని చూసిన మనిషి నా వైపు చూస్తున్నాడు. కత్తి గిన్నెలో వదిలేశాను. కుర్చీ ఈడ్చుకుని అతనికి ఆనించి వేసుకుని కూర్చున్నాను. మిగతా సగం గడ్డం ఆ పూట అలాగే ఉండిపోయింది.